గర్భసంచి జారిన మహిళకు ఆపరేషన్‌కు ముందు ఏం చెప్పాలి

మొదట ఆమెతో ఒంటరిగా మాట్లాడండి. భర్తో అత్తగారో పక్కనుంటే మూత్రం కారడం, కలయికలో నొప్పి గురించి చాలామంది నోరు విప్పరు. "అన్నిటికంటే ఏది ఎక్కువ ఇబ్బంది పెడుతోందమ్మా?" అని అడిగి, జవాబును ఆమె మాటల్లోనే కేస్ షీట్‌లో రాయండి. కింద ఏదో జారుతున్నట్టుండే బాధ ఆపరేషన్‌తో తగ్గుతుంది. నడుంనొప్పి పోతుందని మాత్రం మాట ఇవ్వకండి.

ఆపరేషన్ ఒక్కటే దారి కాదు. రింగ్ పెసరీని (యోనిలో పెట్టి జారినదాన్ని పైకి ఆపి ఉంచే రింగు) ఆమె చేతికిచ్చి చూపించండి. జారుడు కొద్దిగానే ఉంటే కటి కండరాల (మూత్రం ఆపుకునేటప్పుడు బిగించేవి) వ్యాయామం నేర్పండి: ఒక్కోసారి 8 బిగింపులు, రోజుకు 3 సార్లు, కనీసం 4 నెలలు.

తరచూ మరిచిపోయే విషయం ఒకటుంది. జారిన భాగం మూత్రనాళాన్ని మడతపెట్టి లీకేజీని దాచేస్తుంది. దాన్ని సరిచేశాక దగ్గినా తుమ్మినా మూత్రం కారవచ్చు. అందుకే మూత్రాశయం నిండుగా ఉన్నప్పుడు జారినదాన్ని పైకి నెట్టి పట్టుకుని, దగ్గమని చెప్పి పరీక్షించండి. ఫలితం ఆమెకు ముందే తెలియాలి. జారుడు మళ్లీ రావచ్చనీ దాచకుండా చెప్పండి.

జారుడుకు యోని గుండా అమర్చే మెష్‌ల (జారినదానికి ఆసరాగా పెట్టే వలల) అమ్మకాన్ని అమెరికాలో మందులు, వైద్య పరికరాలను నియంత్రించే ఎఫ్‌డీఏ 2019లో ఆపించింది. మెష్ ఆలోచన ఉంటే దాని గురించి విడిగా వివరించి సమ్మతి తీసుకోవాలి. యోనిని మూసే ఆపరేషన్ అయితే ఆ తర్వాత కలయిక సాధ్యం కాదని సూటిగా చెప్పాల్సిందే.

ఇంటికెళ్లాక దాదాపు 6 వారాలు బిందెలు, బస్తాలు ఎత్తకూడదు, కలయిక వద్దు, విరేచనానికి ముక్కకూడదు. ఈ చివరి భాగం ఇంట్లోవాళ్లనూ కూర్చోబెట్టి చెప్పండి; నీళ్లు మోసేది ఎవరో అప్పుడే తేలాలి.