డ్రిల్ చేసిన బెజ్జానికి బర్ తీయడం ఎలా?

డ్రిల్ బిట్ ప్లేటును దాటే ఆఖరి క్షణంలో లోహాన్ని కోయడం మానేసి ముందుకు తోస్తుంది. అలా తోసుకొచ్చి బెజ్జం చుట్టూ ముళ్లలా నిలబడేదే బర్. అందుకే పైవైపు కంటే కిందివైపు ఎక్కువగా ఉంటుంది. మొద్దు బిట్టుతో, చివర్లో బలంగా నొక్కి డ్రిల్ చేస్తే ఇంకా పెరుగుతుంది. దాన్ని వదిలేస్తే వాషర్ సమంగా కూర్చోదు. వైరు వెళ్లే బెజ్జమైతే దాని తొడుగు చీరుకుపోతుంది.

కావలసినవి: చేతిపిడి ఉన్న 90 డిగ్రీల కౌంటర్‌సింక్ (బెజ్జం అంచును ఏటవాలుగా కోసే శంకువు మొన పనిముట్టు), రక్షణ కళ్లద్దాలు, బ్రష్. కౌంటర్‌సింక్ లేకపోతే బెజ్జానికి రెట్టింపు సైజు డ్రిల్ బిట్, అంటే 6 మి.మీ. బెజ్జానికి 12 మి.మీ. బిట్ సరిపోతుంది. దాన్ని చేత్తోనే తిప్పాలి, మెషిన్‌కు పెడితే లోహంలోకి దూసుకుపోతుంది. ప్లేటును వైస్‌లో బిగించి, రజను బ్రష్‌తో దులపండి.

చాలామంది ఇక్కడ ఆకురాయి అందుకుంటారు. వద్దు. ఆకురాయి బర్‌ను బెజ్జంలోకి మడిచేస్తుంది. పైకి నున్నగా కనిపిస్తుంది కానీ, బోల్టు లోపలికి దిగదు. పైగా చుట్టూ గీతలు పడతాయి, జీఐ షీటైతే జింక్ పూత పోతుంది. బర్ మరీ పెద్దదైతే ఆకురాయితో పైపైన తగ్గించి, తర్వాత కౌంటర్‌సింక్ తప్పకుండా వాడాలి.

అసలు కష్టం ఎంత కోయాలన్న దగ్గరే. కౌంటర్‌సింక్‌ను నిటారుగా నిలిపి, తేలిగ్గా నొక్కుతూ మూడు నాలుగు చుట్లు తిప్పి ఆపండి. ప్లేటును వెలుతురుకు వాలుగా పట్టి చూస్తే బెజ్జం చుట్టూ సన్నగా మెరిసే గీత కనిపించాలి. 0.2 నుంచి 0.3 మి.మీ. చాలు. గీత ఒకపక్క వెడల్పుగా ఉంటే చెయ్యి వాలిందన్నమాట. పలుచటి షీటుకు ఇంకా జాగ్రత్త కావాలి. 1 మి.మీ. షీటును రెండువైపులా 0.3 లోతు కోస్తే మధ్యలో మిగిలేది 0.4 మాత్రమే. ఇంకాస్త లోతైతే అంచు కత్తిలా తయారై, బర్ కంటే ఎక్కువగా కోస్తుంది.

బెజ్జాలు వందల్లో ఉంటే తప్ప మెషిన్ జోలికి వెళ్లకూడదు. వెళ్తే నిమిషానికి 200 చుట్లు దాటనివ్వకండి, చేతికి గ్లవుజులు వేసుకోకండి. వేగం ఎక్కువైతే టూలు అదిరి అంచు అలలు అలలుగా పడుతుంది. అదే వేగంతో మళ్లీ దింపితే టూలు ఆ అలల వెంటే నడుస్తుంది. వేగం తగ్గించి, కాస్త ఎక్కువ నొక్కండి. స్టెయిన్‌లెస్ స్టీలును ఊరికే రుద్దితే పైపొర గట్టిపడుతుంది. కటింగ్ ఆయిల్ వేసి, నిదానంగా తిప్పుతూ, కోత ఆగనివ్వకుండా పని ముగించండి. అల్యూమినియం టూలుకు అంటుకుంటుంది కాబట్టి ఒక చుక్క కిరోసిన్ వేయండి.

రెండోవైపూ ఇలాగే చేయాలి. పైపు లోపలి అంచుకు వంకర బ్లేడున్న డీబరింగ్ టూలే దారి.

అంచును వేలితో తడిమి చూడొద్దు. బెజ్జం చుట్టూ దూదిపుల్ల తిప్పండి, పోగు చిక్కిన చోట బర్ ఇంకా ఉన్నట్టే. రజనును నోటితో ఊదకుండా బ్రష్‌తోనే తీసేయండి. జీఐ షీటైతే కోసిన అంచుకు వెంటనే జింక్ పెయింట్ పూయండి.