చవక చేగొడ్డలి: లోపం ఎక్కడుంది, ఎలా సరిచేసుకోవాలి

చవకగా దొరికే కర్రపిడి చేగొడ్డలిలో ఏదో ఒక లోపం ఉంటుందన్నది కొనేవారందరికీ తెలిసిందే. అయితే ఏ లోపం చేత్తో సరిదిద్దుకోగలిగేదో, ఏది కాదో తెలియకపోవడం వల్ల మంచి ఇనుము పాతసామానులోకి పోతుంది, పనికిరాని ఇనుము ఇంట్లోకి వస్తుంది. కామ, అంటే కర్ర పిడి, ఎంత అధ్వానంగా ఉన్నా మార్చుకోవచ్చు. వాదర, అంటే నరికే పదును అంచు, ఎంత మందంగా ఉన్నా అరగదీసుకోవచ్చు. తల భాగంలోని ఉక్కు మెత్తనిదైనా, కామ దూరే బెజ్జం దగ్గర పగులు ఉన్నా మాత్రం ఇంట్లోని పనిముట్లతో చేయగలిగింది ఏమీ లేదు. ఇక్కడ చెప్పే విషయాలు తల బరువు సుమారు 500 నుంచి 700 గ్రాములు, కామ పొడవు 30 నుంచి 40 సెంటీమీటర్లు ఉండి, ఒంటిచేత్తో వాడే చేగొడ్డలిని దృష్టిలో పెట్టుకొని రాసినవి.

సమస్య: కొనేముందు మంచిదో కాదో తెలియడం లేదు

తల మీది రంగు, కామ మీది వార్నిష్ చాలా లోపాలను దాచిపెడతాయి కాబట్టి వాటికి దొరకని చోట్లనే చూడాలి. మొదట కామ అడుగు కొసను చూడండి. అక్కడ కనిపించే వార్షిక వలయాల గీతలు వాదర ఉన్న దిశలోనే సాగుతుంటే కామ దెబ్బకు తట్టుకుంటుంది. అడ్డంగా ఉంటే తొందరగా చీలే అవకాశం ఎక్కువ. అంతకంటే ముఖ్యమైనది కామ పొడవునా నార ఎటు పోతున్నదన్నది. నార ఈ కొస నుంచి ఆ కొస దాకా సాగకుండా మధ్యలోనే పక్కకు తెగిపోతుంటే, వలయాలు ఎంత చక్కగా ఉన్నా ఆ కామ అక్కడే విరుగుతుంది. ముడి ఉన్న కామ సంగతి చెప్పనక్కరలేదు.

తరువాత వాదర మీద చిన్న ఆకురాయితో ఒక్క గీత గీసి చూడటానికి ఒప్పుకుంటే చూడండి. ఆకురాయి కొంచెం మొరాయిస్తూ, అయినా పట్టుకుంటూ పోతే ఉక్కు సరిగ్గా ఉన్నట్టు. మెత్తని ఇనుప చువ్వను గీసినట్టు సులువుగా దిగిపోతే ఆ వాదర నిలవదు. గాజు మీద జారినట్టు జారిపోతే మరీ గట్టిది కాబట్టి పెచ్చులూడే ప్రమాదం ఉంది. ఈ పరీక్షను వాదర మీదనే చేయాలి. చాలా గొడ్డళ్లలో వాదర దగ్గరి ఉక్కును మాత్రమే గట్టిపరుస్తారు, పక్కభాగం సహజంగానే మెత్తగా ఉంటుంది. ఉక్కు, బెజ్జం రెండూ బాగుంటే కామ విరిగినదైనా సరే తీసుకోవచ్చు. కామ నిగనిగలాడుతూ ఉక్కు మెత్తగా ఉన్నదానికంటే అదే నయం.

సమస్య: తల ఊగుతోంది

చేగొడ్డలికి వచ్చే కష్టాల్లో ఇది అన్నిటికంటే తరచుగా వచ్చేది, అన్నిటికంటే ప్రమాదకరమైనది కూడా. ఊగే తల ఏదో ఒక దెబ్బకు ఊడి ఎగిరిపోవచ్చు కాబట్టి, బిగించేదాకా దానితో ఒక్క పుల్ల కూడా కొట్టకూడదు.

కారణం సాధారణంగా కర్రలోని తేమ. చవక గొడ్డలికి తగిలించే కామను పూర్తిగా ఆరకముందే బిగించి ఉంటే, తరువాత కర్ర ఆరి కుంచించుకుపోతుంది. ఇనుము మాత్రం అలాగే ఉంటుంది. అప్పుడు చాలామంది చేసే పని గొడ్డలిని రాత్రంతా నీళ్లలో నానబెట్టడం. మర్నాడు తల కదలకుండా బిగుసుకుంటుంది కాబట్టి ఇది చక్కని ఉపాయంలాగే కనిపిస్తుంది. నిజానికి నానిన కర్ర ఉబ్బడానికి చోటు లేక, ఇనుప గోడకు ఒత్తుకొని, దాని నార లోపలే నలిగిపోతుంది. మళ్లీ ఆరినప్పుడు ఆ కర్ర మునుపటికంటే సన్నబడుతుంది. నానబెట్టిన ప్రతిసారీ సందు కొంత పెరుగుతూ పోయి, చివరకు చీల, అంటే కామను బిగించడానికి దాని పైకొసలో దిగగొట్టే ముక్క, కొట్టినా పట్టని స్థితి వస్తుంది. ఏ పరిష్కారమైనా చెప్పండి గానీ నీళ్లు మాత్రం చెప్పవద్దని నేను పట్టుబట్టేది ఇందుకే.

సరిచేసే పద్ధతి ఇది. గొడ్డలిని తల కిందికి వేలాడేలా గాలిలో నిలువుగా పట్టుకొని, పైనున్న కామ అడుగు కొస మీద కొయ్యసుత్తితో గట్టిగా కొట్టండి. బరువైన తల తన చోటు నుంచి వెంటనే కదలదు కాబట్టి, దెబ్బదెబ్బకూ కామ బెజ్జంలోకి మరికొంత దిగుతుంది. తలను నేల మీద ఆనించి కొడితే ఈ ఫలితం రాదు. ఇక దిగడం లేదనిపించేదాకా కొట్టి, ఆపైన చీలను చూడాలి. పాత చీల వదులై ఉంటే లాగేసి, దానికంటే కాస్త మందమైన ఎండు చెక్క చీలను కొట్టండి. చీల, తను దిగడానికి కామ కొసకు పెట్టిన రంపపు కోత అడుగుకు తగిలి ఆగిపోతే పైకి బిగుసుకున్నట్టు కనిపిస్తుందే గానీ కర్రను పక్కలకు నెట్టదు. అప్పుడు చీల కొసను కొంత కోసి మళ్లీ కొట్టాలి. చెక్క చీల బిగిసిన తరువాత కూడా స్వల్పంగా కదలిక ఉంటే, దానికి ఏటవాలుగా ఒక చిన్న ఇనుప చీల వేయవచ్చు. ఇనుప చీలలు రెండు, మూడు వేయవలసి వస్తున్నదంటే ఆ కామకు కాలం చెల్లినట్టే.

సమస్య: కామ చీలింది, లేదా చీల పట్టడం లేదు

కారణం నార పక్కకు తెగడమో, గురి తప్పిన దెబ్బ తలకు బదులు కామ మెడకు తగలడమో, పైన చెప్పిన నీటి వైద్యమో అయి ఉంటుంది. జిగురు పూసి తాడు చుట్టడం వల్ల పగులు కనిపించకుండా పోతుంది, అంతే. కొత్త కామ వేయడమే మార్గం.

పాత కామను తలకు ఆనించి అడుగున కోసేయండి. పైనుంచి బెజ్జంలోని కర్రకు డ్రిల్లుతో నాలుగైదు రంధ్రాలు వేసి, కింది వైపు నుంచి మొద్దు కడ్డీతో పైకి తన్నితే అది ఊడివస్తుంది. సాధారణంగా బెజ్జం నడుమ సన్నగా, పైన కొంచెం వెడల్పుగా ఉంటుంది. చీల వల్ల విచ్చుకున్న కర్ర ఆ వెడల్పులో ఇరుక్కొని ఉంటుంది కాబట్టి దాన్ని పైకి నెట్టడమే సులువు. కర్ర కాలిపోతుందని తలను నిప్పుల్లో వేసేవారున్నారు. దానివల్ల వాదరలోని ఉక్కు గట్టిదనం పోతుంది. పది నిమిషాల శ్రమ తప్పించుకోబోయి గొడ్డలినే పోగొట్టుకున్నట్టవుతుంది.

కొత్త కామకు హికరీ, యాష్, తుమ్మ వంటి సాగుడు గుణం గల కర్ర, బాగా ఆరినది కావాలి. రంపంతో కోసిన పలక కంటే నార వెంట చీల్చి తీసిన ముక్క మేలు. బెజ్జం లోతులో సుమారు మూడింట రెండు వంతుల దాకా కామ కొసకు రంపపు కోత పెట్టండి. కామను కొద్దిగా దూర్చి, బయటికి తీసి, ఇనుము ఒత్తుకున్న చోట పడిన మచ్చను మాత్రమే మోటు ఆకురాయితో అరగదీసి, మళ్లీ దూర్చండి. ఇలా పదిసార్లు చేయవలసి రావచ్చు. ఈ పనిలో తొందరపడి ఒకేసారి ఎక్కువ కర్ర తీసేసిన వారికి ఆ లోటును ఏ చీలా పూడ్చదు. కామ కొస బెజ్జం పైకి 3 నుంచి 5 మిల్లీమీటర్లు వచ్చాక చీల కొట్టి, మిగిలిన చీలను కోసేసి, ఆ కోసిన తలానికి అవిసె నూనె బాగా పట్టించండి. కర్ర తేమను పీల్చుకొనేది ముఖ్యంగా కొసల నుంచే.

సమస్య: దెబ్బ దిగకుండా ఎగిరిపడుతోంది

పదును లేకపోవడమే కారణమనుకొని సాన పట్టి, అయినా ఫలితం లేదని విసుగు చెందేవారు ఎక్కువ. చవక గొడ్డలిలో అసలు లోపం వాదర వెనుక ఉన్న మందం. కొనల మీద చిన్న అంచును పదును చేసినంత మాత్రాన దాని వెనుక నున్న బండ ఇనుము కర్రలోకి దిగదు.

కొలవడానికి ఒక తేలిక మార్గం ఉంది. కాగితపు మూల 90 డిగ్రీలు కాబట్టి దాన్ని మూడు సమాన మడతలు వేస్తే 30 డిగ్రీల కోణం వస్తుంది. ఆ కోణాన్ని అట్టముక్క మీద గీసి, కోసి, ఆ గంటులో వాదరను పెట్టి చూడండి. కొమ్మలు నరకడానికి, పుల్లలు చీల్చడానికి రెండు వైపులూ కలిపి 30 డిగ్రీలు, సన్నగా చెక్కే పనికి 25 డిగ్రీలు సరిపోతాయి. వాదర గంటులోకి అడుగుదాకా దిగకపోతే అరగదీయవలసిన ఇనుము ఉన్నట్టే.

తలను వైస్‌లో బిగించి, తోలు చేతితొడుగులు వేసుకొని ఆకురాయి పట్టండి. ఆకురాయి ముందుకు నెట్టినప్పుడే కోస్తుంది. వెనక్కి లాగేటప్పుడు ఎత్తాలి, లేకపోతే దాని పళ్లు పోతాయి. వాదర మీదే కాక, దాని వెనుక రెండు మూడు సెంటీమీటర్ల మేర ఇనుమును పలచబరచి, రెండూ మెత్తని వంపులో కలిసేలా చేయాలి. ఎదుటి వైపు వాదర పొడవునా వేలికి సన్నని గరుకు తగిలేదాకా ఒక వైపు, ఆ తరువాత రెండో వైపు. చివరగా సానరాయిని గుండ్రంగా తిప్పుతూ ఆ గరుకును పోగొట్టాలి.

సమస్య: వాదర మడతపడుతోంది, లేదా పెచ్చులూడుతోంది

ఈ రెండూ వేర్వేరు జబ్బులు. మడతపడితే ఉక్కు మెత్తగా ఉందనో, వాదర మరీ పలచబడిందనో అర్థం. పెచ్చులూడితే ఉక్కు మరీ గట్టిదో, రాయికి, మేకుకు తగిలిందో, లేక కోణం ఆ పనికి చాలదో. రెంటికీ మొదటి చికిత్స ఒకటే: కోణాన్ని రెండు మూడు డిగ్రీలు పెంచి చూడటం. దానితో నిలబడితే ఉక్కులో దోషం లేనట్టే.

మెత్తబడటానికి ఇంకొక కారణం కరెంటు గ్రైండర్. అరగదీసేటప్పుడు వాదర నీలిరంగుకు తిరిగితే అక్కడ వేడి సుమారు 300 డిగ్రీల సెల్సియస్‌ను అందుకుందని, ఆ చోట ఉక్కు మెత్తబడిందని గుర్తు. రంగును తుడిచేస్తే సరిపోదు. మెత్తబడిన ఇనుమంతా పోయేదాకా ఆకురాయితో వెనక్కి అరగదీయాలి. గ్రైండరే వాడాలనుకుంటే చేత్తో ముట్టుకోలేనంత వేడెక్కకముందే ప్రతిసారీ నీళ్లలో ముంచాలి. ఆకురాయితో మాత్రం ఈ బాధ లేదు.

సమస్య: తుప్పు

పైపై తుప్పుకు ఇనుప తీగల బ్రష్, కాస్త నూనె చాలు. కామ తీసేసిన తల అయితే వినెగర్‌లో రాత్రంతా ఉంచి, బ్రష్‌తో రుద్ది, వంటసోడా కలిపిన నీళ్లతో కడిగి, వెంటనే తుడిచి నూనె రాయాలి. ఆమ్లం వాదరను కూడా తింటుంది కాబట్టి సాన పట్టే పని దీని తరువాతే పెట్టుకోవాలి. పాత రంగు ఉన్న తలను పొడిగా రుద్దవద్దు, ఆ రంగులో సీసం ఉండవచ్చు.

సమస్య: చేయి జిల్లుమంటోంది, బొబ్బలెక్కుతోంది

చవక కామలు అవసరానికి మించి లావుగా ఉంటాయి. లావు కామ వంగదు, దెబ్బ అదురునంతా చేతికి పంపుతుంది. దాని మీది వార్నిష్ చెమటకు చేతిని పట్టి లాగుతుంది. వార్నిష్‌ను గాజు పెంకుతో గీకి, కామ నడుమను కొద్దికొద్దిగా పలచబరచి, గరుకు కాగితంతో నునుపు చేసి, అవిసె నూనెను పలచగా పూయండి. పావుగంట తరువాత పైన మిగిలింది తుడిచేయాలి. తుడిచిన గుడ్డలను ఉండచుట్టి పడేయకూడదు. అవిసె నూనె ఆరేటప్పుడు వేడి పుట్టి వాటంతటవే అంటుకోవచ్చు. విప్పి, ఆరుబయట పరచి ఆరనివ్వాలి.

సమస్య: తల వెనుక భాగం విచ్చుకుపోయింది

ఆ భాగాన్ని సుత్తిగా వాడటమో, దాని మీద సుత్తితో కొట్టడమో దీనికి కారణం. విచ్చుకున్న అంచుల నుంచి ఇనుప ముక్కలు కంటికేసి ఎగరగలవు కాబట్టి వాటిని ఆకురాయితో పూర్తిగా తీసేయాలి. ఆ తరువాత కామను తీసి, బెజ్జం లోపలి మూలలను వెలుతురులో పరీక్షించండి. మూలలో వెంట్రుకంత పగులు కనిపించినా, బెజ్జం గోడ ఒక వైపు ఉబ్బి ఉన్నా ఆ తలకు మళ్లీ కామ వేయకండి.