టికెట్ చవకైతే సరిపోదు

ఇద్దరూ కలిసి మూడు నాలుగు రోజులు ఏదైనా విదేశీ నగరానికి వెళ్లొద్దామనుకుంటే, టికెట్ ధర కంటే ముందు విమానం ఎక్కడ దిగుతుందో చూడండి. పేరుకు పారిస్ అని ఉన్నా, దింపేది బోవే అనే వేరే ఊళ్లో కావచ్చు. అక్కడి నుంచి నగరానికి దాదాపు 85 కిలోమీటర్లు. ఫ్రాంక్‌ఫర్ట్ హాన్ విమానాశ్రయమైతే ఫ్రాంక్‌ఫర్ట్ నగరానికి ఇంకా దూరం, సుమారు 120 కిలోమీటర్లు. ఇద్దరికీ రానూపోనూ నాలుగు బస్సు టికెట్లు, దానికి తోడు ఉన్న కొద్ది రోజుల్లో సగం రోజు దారిలోనే హారతి కర్పూరం. అర్ధరాత్రి దిగారా, టాక్సీయే గతి. టికెట్లో మిగిలింది కాస్తా దానికే సరి.

మ్యూజియంలకు ఉచిత వేళలు చూసుకుని వెళ్లండి. మాడ్రిడ్‌లో ప్రాడోకు సోమవారం నుంచి శనివారం దాకా సాయంత్రం 6 నుంచి 8 వరకు టికెట్ అక్కర్లేదు. క్యూ మాత్రం పొడుగ్గానే ఉంటుంది, ఇద్దరున్నారుగా, కబుర్లలో గడిచిపోతుంది.

అన్నట్టు, కార్డు గీకేటప్పుడు ‘మీ దేశపు కరెన్సీలో కడతారా?’ అని మెషీన్ అడిగితే వద్దనండి. స్థానిక కరెన్సీయే నొక్కండి. ఆ మర్యాద వెనక మారకపు రేటులో గట్టి వడ్డనే ఉంటుంది.