వాషింగ్టన్ రాష్ట్ర ఆహార సహాయ నిబంధనలను ఏటా సరిచూడటం ఎలా

అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో తక్కువ ఆదాయం ఉన్నవారికి ఆహారం కొనుక్కోవడానికి కేంద్ర ప్రభుత్వం ఇచ్చే స్నాప్‌తో పాటు ఎఫ్‌ఏపీ అనే రాష్ట్ర ఆహార సహాయ కార్యక్రమం కూడా ఉంది. చట్టబద్ధంగా ఉంటూ, కేవలం వలస హోదా వల్ల స్నాప్ అందనివారికి రాష్ట్రం సొంత డబ్బుతో ఇచ్చే సహాయం ఇది. వలస హోదా తప్ప మిగతావన్నీ స్నాప్ నిబంధనలే వర్తించాలని రాష్ట్ర చట్టం చెబుతోంది. కాబట్టి స్నాప్‌లో ఏది మారినా, ఎఫ్‌ఏపీ నిబంధనలు రాసేవారు తమ నిబంధన పాఠాన్ని మళ్లీ చదవాల్సిందే.

ముందు క్యాలెండర్ తీయండి. గరిష్ఠ సహాయం లాంటి స్నాప్ అంకెలు ఏటా అక్టోబరు 1న మారతాయి. కొత్తవి చేతికొచ్చేసరికి ఆగస్టు వచ్చేస్తుంది. మామూలు దారిలో సీఆర్-101 (నిబంధన మార్చే ఆలోచన ఉందని చెప్పే నోటీసు) వేశాక కనీసం 30 రోజులు ఆగి సీఆర్-102 (ప్రతిపాదిత పాఠంతో ఇచ్చే నోటీసు) వేయాలి. అది రాష్ట్ర రిజిస్టర్‌లో అచ్చయ్యాక కనీసం 20 రోజులు గడిచాకే బహిరంగ విచారణ. నిబంధనను ఆమోదించే ఉత్తర్వు సీఆర్-103 దాఖలైన 31 రోజులకు అమలు. అచ్చుకు పట్టే సమయం కలుపుకుంటే దాదాపు మూడు నెలలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే. అందుకే అంకెలు రాకముందే సీఆర్-101 వేసేయండి. అందులో విషయం చెబితే చాలు, తుది పాఠం అక్కర్లేదు.

అక్టోబరు 1కీ ఈ శాశ్వత నిబంధన అమలుకీ మధ్యలో మిగిలే ఖాళీకి, వెంటనే అమలయ్యే అత్యవసర నిబంధన ఉంది. దాని ఆయువు 120 రోజులు. అక్టోబరు 1న దాఖలు చేస్తే జనవరి నెలాఖరుకు తీరిపోతుంది. ఆలోగా శాశ్వత నిబంధన అమల్లోకి రాకపోతే నిబంధనల పుస్తకంలో పాత అంకె మళ్లీ లేచి కూర్చుంటుంది. అత్యవసర నిబంధన వేసిన రోజే దాని గడువును, సీఆర్-103 వేయాల్సిన ఆఖరి తేదీని పక్కపక్కన రాసిపెట్టుకోండి.

తర్వాత ప్రతి అంకె ఎన్నిచోట్ల ఉందో వెతకండి. నిబంధన, సిబ్బంది మాన్యువల్, నోటీసులు, కంప్యూటర్ వ్యవస్థ, ఈ నాలుగూ చూడాలి. ఒకచోట మార్చి మరోచోట మరిచిపోవడం అన్నిటికంటే ఎక్కువగా జరిగే పొరపాటు.

మార్చాక లెక్క వేసి చూడండి. 48 రాష్ట్రాల్లో నలుగురున్న కుటుంబానికి గరిష్ఠ సహాయం 2025 ఆర్థిక సంవత్సరంలో 975 డాలర్లు, 2026లో 994. నికర ఆదాయంలో 30 శాతం ఇందులోంచి తగ్గుతుంది. పరీక్షకు 1,000 డాలర్ల ఆదాయం తీసుకుంటే 694 వస్తుంది, కానీ రౌండింగ్ తప్పు ఉన్నా బయటపడదు. 1,001 తీసుకోండి. 30 శాతం అంటే 300.30. ఫెడరల్ నిబంధన ప్రకారం దాన్ని 301కి పెంచినా, లేదా తీసివేత తర్వాత వచ్చిన 693.70ని కిందికి దించినా జవాబు 693. వ్యవస్థ 694 చూపిస్తే మామూలు రౌండింగ్ వాడుతోందన్నమాట. ఒక్క డాలరే కదా అని వదిలేయకండి, అది వేల కేసుల్లో తిరుగుతుంది.

అన్నిటికన్నా ఎక్కువ సమయం పెట్టాల్సింది వలస హోదా క్లాజుకే. 2025 జులై 4న సంతకమైన ఫెడరల్ చట్టం శరణార్థులను, ఆశ్రయం పొందినవారిని ఆ హోదాతోనే స్నాప్ పొందే జాబితాలోంచి తీసేసింది. ఇలాంటి మార్పు వచ్చినప్పుడు మూడు నిలువు వరుసల పట్టిక గీయండి: హోదా, స్నాప్‌కు అర్హత ఇచ్చే క్లాజు, ఎఫ్‌ఏపీకి అర్హత ఇచ్చే క్లాజు. గళ్లను జ్ఞాపకం మీద నింపకండి, క్లాజు సంఖ్య కనిపిస్తేనే రాయండి. రాష్ట్ర పాఠం అర్హులను సొంతంగా పేర్కొంటోందా, ఫెడరల్ సెక్షన్‌ను చూపించి ఊరుకుంటోందా అన్నది ఇక్కడ తేలుతుంది. రెండు గళ్లూ ఖాళీగా మిగిలితే ఆ కుటుంబానికి ఏ దారీ లేనట్టే. ముసాయిదా రాసేవారు దాన్ని సర్దుబాటు పదాలతో పూడ్చకూడదు. న్యాయ సలహాదారుకు, బడ్జెట్ విభాగానికి అదే రోజు రాతపూర్వకంగా పంపాలి. ఒకే ఇంట్లో కొందరికి స్నాప్, కొందరికి ఎఫ్‌ఏపీ వచ్చే కేసును కూడా పరీక్షలో పెట్టండి. రెండు నిధుల వాటాలు కలిపితే ఇంటి మొత్తం సరిపోవాలి.

విచారణలో వచ్చిన ప్రతి వ్యాఖ్యకూ సారాంశం, జవాబు వివరణ పత్రంలో ఉండాలి. వ్యాఖ్యల వల్ల పాఠం మారితే సీఆర్-102తో పక్కపక్కన పెట్టి పోల్చండి. మార్పు గణనీయమైతే అనుబంధ నోటీసు ఇచ్చి మళ్లీ విచారణ జరపాలి. దానికి పట్టే రోజులను 120 రోజుల గడువులోంచే లెక్కపెట్టుకోండి.