బ్రౌన్ పెయింట్ వేశాక గది తేడాగా ఉందా? మళ్లీ డబ్బా తెరిచే ముందు ఇవి చూడండి

బ్రౌన్ వేయించినవాళ్లు ఎక్కువగా అనే మాట ఒకటే: "షేడ్ కార్డులో చూసింది ఇది కాదండీ." చాలాసార్లు డబ్బాలో ఉన్నది వాళ్లు ఎంచుకున్న రంగే. తేడా వచ్చింది గోడ మీదికి ఎక్కాక. బ్రౌన్ అంటే వెలుగు తగ్గిన నారింజ, లేదంటే వెలుగు తగ్గిన పసుపో ఎరుపో. ఇంద్రధనుస్సులో ఎంత వెతికినా కనిపించదు. చుట్టుపక్కల తనకంటే వెలుతురుగా ఇంకేదో ఉన్నప్పుడే మన కంటికి అది బ్రౌన్‌గా తోస్తుంది. అందుకే పైన ఏ బల్బు ఉంది, పక్కన ఏ రంగు ఉంది అన్నదాన్ని బట్టి బాగా మారిపోతుంది. రంగు నచ్చకపోతే ముందు బల్బు చూడండి, తర్వాత పక్కనున్న సామాను, ఆ తర్వాతే గోడ. ఈ వరస పాటిస్తే చాలామందికి మళ్లీ పెయింట్ వేయాల్సిన పనే పడదు.

రంగు ఆకుపచ్చగానో, గులాబీగానో, బూడిదగానో తిరిగింది

ప్రతి బ్రౌన్‌లోనూ అడుగున ఇంకో రంగు దాగి ఉంటుంది. పెయింట్ వాళ్లు దాన్ని అండర్‌టోన్ అంటారు. కొన్ని ఎరుపు వైపు, కొన్ని పసుపు వైపు, కొన్ని ఆకుపచ్చ లేదా ఊదా వైపు మొగ్గుతాయి. కార్డు మీద వేలెడంత చీటీలో ఇది బయటపడదు. నాలుగు గోడలకూ వేశాక ఒక గోడ మీద పడిన వెలుతురు రంగు పులుముకుని ఎదుటి గోడ మీద పడుతుంది కాబట్టి, ఆ దాగిన రంగు ఇంకా గట్టిపడుతుంది. ముదురు బ్రౌన్‌ల కంటే ఇసుక రంగు, లేత గోధుమ రంగు లాంటి తేలిక షేడ్‌లతోనే ఈ ఇబ్బంది ఎక్కువ.

మీ గోడలో ఏం దాగి ఉందో తెలుసుకోవడం కష్టం కాదు. అచ్చమైన తెల్ల కాగితం మధ్యలో అగ్గిపెట్టెంత కన్నం కత్తిరించి, గోడకు ఆనించి, పగటి వెలుతురులో ఆ కన్నంలోంచి చూడండి. చుట్టూ తెలుపు ఉండేసరికి అడుగు రంగు బయటికి వస్తుంది. అదే పని రాత్రి లైటు వేసి మళ్లీ చేయండి. పగలు బాగుండి రాత్రి తేడా కొడితే తప్పు బల్బుది. బల్బు వెలుతురు రంగును కెల్విన్‌లలో చెబుతారు. 6500 కెల్విన్ ఉన్న తెల్లటి కూల్ డేలైట్ బల్బు నీలం వైపు ఉంటుంది. దాని కింద బ్రౌన్‌లోని వెచ్చదనం పోయి గోడ బూడిద పూసినట్టు కనిపిస్తుంది. 2700 నుంచి 3000 కెల్విన్ ఉన్న వార్మ్ బల్బు ఎరుపునీ పసుపునీ పైకి తెస్తుంది. గోడ ఇప్పటికే గులాబీగా ఉంటే అలాంటి బల్బు ఇంకా పెంచుతుంది, అప్పుడు 4000 దగ్గరిది మేలు. బల్బు అట్టపెట్టె మీద సీఆర్ఐ అనే అంకె కూడా చూడండి, రంగుల్ని బల్బు ఎంత సరిగ్గా చూపిస్తుందో అది చెబుతుంది. ఆ అంకె 80 ఉన్న బల్బుల్లో చాలావాటికి ఎరుపు సరిగ్గా చూపించే శక్తి తక్కువ. బ్రౌన్ గదికి 90 లేదా అంతకంటే ఎక్కువ ఉన్నది వెతికి మరీ కొనాలని నా గట్టి అభిప్రాయం.

పగలే తేడాగా ఉంటే కిటికీ బయటికి ఒకసారి చూడండి. దట్టమైన చెట్లుంటే ఆకుల మీంచి వచ్చే వెలుతురు ఆకుపచ్చగానే గదిలో పడుతుంది. నేరుగా ఎండ రాని గదిలోకి వచ్చేది ఎక్కువగా ఆకాశపు వెలుతురు, అది నీలంగా ఉంటుంది. అలాంటి గదికి ఎరుపు వైపు మొగ్గే బ్రౌన్ సరిపోతుంది, బూడిద కలిసిన బ్రౌన్ నీరసంగా కనిపిస్తుంది.

తర్వాత పక్కనున్న రంగులు. పారిస్‌లోని గోబెలిన్ నేతశాలలో అద్దకాల విభాగం చూసుకున్న రసాయన శాస్త్రవేత్త మిషెల్ యూజీన్ షెవ్రల్‌కు ఇలాంటి ఫిర్యాదే వచ్చింది. నీలం, ఊదా బట్టల మధ్య నీడల కోసం వాడిన నల్ల నూలు వెలిసినట్టుందని. ఆయన పరీక్షిస్తే అద్దకంలో లోపమేమీ లేదు, పక్కనున్న రంగులే ఆ నలుపును అలా మార్చి చూపిస్తున్నాయి. 1839లో ఆయన దీన్ని సూత్రంగా ప్రచురించాడు: పక్కపక్కనున్న రెండు రంగులు ఒకదాన్నొకటి తమకు ఎదురు రంగు వైపు నెడతాయి. మీ గదిలోనూ జరిగేది అదే. ఎర్రటి తివాచీ పక్కన బ్రౌన్ గోడ ఆకుపచ్చ వైపు జరుగుతుంది. ఆకుపచ్చ కర్టెన్ల పక్కన ఎర్రబడుతుంది. నీలం సోఫా వెనక నారింజలా మెరుస్తుంది. కర్టెన్లు ఒక పూట తీసేసి గోడ చూడండి. రంగు కుదురుకుంటే మార్చాల్సింది కర్టెన్లను.

ఇవన్నీ చూశాక కూడా నచ్చకపోతేనే కొత్త షేడ్. ఈసారి రంగును గోడ మీద నేరుగా పరీక్షించకండి, చుట్టూ ఉన్న పాత రంగు కంటిని తప్పుదారి పట్టిస్తుంది. పెద్ద అట్టకు రెండు కోట్లు వేసి, అంచుల్లో తెల్ల మార్జిన్ వదిలి, ఆ అట్టను గోడ గోడకీ మార్చి పొద్దున, మధ్యాహ్నం, లైట్లు వేశాక చూడండి.

గది ఇరుకైపోయింది, పగలే చీకటిగా ఉంది

షేడ్ కార్డు వెనకో, కంపెనీ సైట్‌లోనో ఎల్ఆర్‌వీ అనే అంకె ఉంటుంది. గోడ మీద పడిన వెలుతురులో ఎంత శాతం వెనక్కి వస్తుందో అది చెబుతుంది. నలుపుకు సున్నా, తెలుపుకు 100. ముదురు బ్రౌన్‌లకు ఇది సుమారుగా 10 లోపే. అంటే పడిన వెలుతురులో తొంభై శాతం పైనే గోడ తాగేస్తుంది. నడి సీలింగ్‌లో ఇంకో పెద్ద బల్బు పెడితే కళ్లు చెదురుతాయే తప్ప మూలలు వెలగవు. వెలుతురు గోడ మీదే పడేలా గోడ లైట్లు, మూలల్లో స్టాండు ల్యాంపులు పెట్టండి. ఒక్క లైటుకు బదులు చిన్నవి మూడు నాలుగు మేలు.

ఒక గోడకే బ్రౌన్ ఉంచి మిగతావి లేత క్రీమ్ వేయడం తేలికైన మార్గం. కానీ ఏ గోడ? చాలామంది కిటికీ ఉన్న గోడకు వేస్తారు, సరిగ్గా అదే వేయకూడనిది. ఆ గోడ మీద కిటికీ వెలుతురు పడదు, పైగా కిటికీ మిలమిల పక్కన అది నల్లగా తేలుతుంది. కిటికీకి ఎదురుగానో, పక్కగానో ఉన్న గోడకు వేస్తే అదే షేడ్ హాయిగా కనిపిస్తుంది. సీలింగ్‌కు పాలలాంటి తెలుపు కాకుండా కాస్త పసుపు కలిసిన తెలుపు వేస్తే గోడకీ కప్పుకీ మధ్య గీత గీసినట్టుండదు.

రాత్రిళ్లు మాత్రమే వాడే చిన్న గది అయితే నా సలహా వేరు. వెలుతురు కోసం పోరాడకుండా సీలింగ్‌తో సహా అంతా బ్రౌనే వేసేయండి. మూలలు కలిసిపోయి గది హద్దులు కంటికి ఆనవు.

చారలు, మచ్చలు, కింద రంగు కనిపించడం

తెలుపు, లేత రంగుల్లో కప్పే పని చేసేది టైటానియం డయాక్సైడ్. ముదురు రంగుల కోసం వాడే డీప్ బేస్‌లో, అంటే రంగు కలపడానికి ముందుండే మూల పెయింట్‌లో, అది చాలా తక్కువ. అందుకే ముదురు బ్రౌన్, ముఖ్యంగా ఎరుపు కలిసినది, రెండు కోట్లకు కింద రంగును దాచలేకపోవచ్చు. తెల్ల ప్రైమర్ మీద నాలుగో కోటు వేసే బదులు బూడిద రంగు లేదా లేత బ్రౌన్ టింట్ కలిపిన ప్రైమర్ ఒకటి వేయండి, పని తగ్గుతుంది. పుట్టీ పెట్టిన చోట్ల ప్రైమర్ వేయకపోతే అక్కడ గోడ పెయింట్‌ను పీల్చేసి వెలిసిన మచ్చల్లా ఉంటాయి.

నిలువు చారలకు కారణం వేరు: సగం ఆరిన అంచు మీద మళ్లీ రోలర్ తిప్పడం. మీటరు వెడల్పు పట్టీ పైనుంచి కిందికి పూర్తిచేసి, దాని అంచు తడిగా ఉండగానే పక్క పట్టీ మొదలుపెట్టాలి. ప్రతి పట్టీలోనూ చివరి రోల్ ఒకే దిశలో, నొక్కకుండా లాగాలి. ఫ్యాను ఆపేయండి. మూలలన్నీ ముందే బ్రష్‌తో వేసేసి అవి ఆరాక రోలర్ పట్టుకుంటే గోడ చుట్టూ ఫ్రేము కట్టినట్టు వస్తుంది. ఒకరు బ్రష్, ఒకరు రోలర్ పట్టుకుని వెంటవెంటనే వెళ్లాలి. రెండు మూడు డబ్బాలుంటే అన్నీ ఒక బకెట్‌లో పోసి కలుపుకోండి, డబ్బా డబ్బాకీ ఉండే చిన్న తేడా గోడ మధ్యలో బయటపడదు.

ఇప్పటికే చారలు వచ్చాయా? బాగా ఆరనిచ్చి, సన్నని ఉప్పుకాగితంతో తేలికగా రుద్ది, దుమ్ము తుడిచి, మూల నుంచి మూల దాకా ఒక కోటు వేయండి. మచ్చ మీద మాత్రమే అద్దితే ముదురు రంగులో అది తప్పకుండా తెలిసిపోతుంది. ఎమల్షన్ తడిగా ఉన్నప్పుడు లేతగా ఉండి ఆరాక ముదురుతుంది కాబట్టి, వేస్తుండగానే "షేడ్ తప్పింది" అని టెన్షన్ పడొద్దు. మర్నాడు చూసి నిర్ణయించండి.

చేయి తగిలిన చోట నిగనిగ

మెరుపు లేని మ్యాట్ పెయింట్‌ను రుద్దితే పైపొర నునుపెక్కి మెరుస్తుంది, ముదురు బ్రౌన్‌లో అది బాగా కనిపిస్తుంది. తుడిస్తే పోదు, ఇంకా పెరుగుతుంది. నడవాలకీ స్విచ్చుల చుట్టూ ఉన్న గోడలకీ శాటిన్ లాంటి కొద్దిపాటి మెరుపు ఉన్నది వేయాలి. గోడ ఎగుడుదిగుడుగా ఉంటే మాత్రం ఆ మెరుపు ప్రతి వంకరనూ చూపిస్తుంది, ముందు పుట్టీతో చదును చేయించండి.

తెల్లటి పొడి, జిగట చారలు

పొడి అంటే ఉప్పు. గోడలోని చెమ్మ ఇటుకల్లో, సిమెంటులో ఉన్న లవణాలను పైకి తెస్తుంది. పాత తెల్ల గోడ మీద కూడా ఉండి ఉంటుంది, ఇప్పుడు కనబడింది. దాని మీద పెయింట్ వేస్తే నిలవదు. చెమ్మ ఎక్కడి నుంచి వస్తోందో పట్టుకుని ఆపి, గోడ ఆరాక పొడి బ్రష్‌తో దులపండి, నీళ్లతో కడిగితే ఉప్పు కరిగి మళ్లీ లోపలికే పోతుంది. ఆపైన క్షారాన్ని తట్టుకునే ప్రైమర్. కొత్త ప్లాస్టరింగ్ అయితే కనీసం 28 రోజులు ఆగాలి.

బాత్రూంలో కొత్త పెయింట్ మీద గోధుమ రంగు జిగట చారలు జారితే భయపడనక్కర్లేదు. పూర్తిగా గట్టిపడని పెయింట్‌లోంచి కరిగే పదార్థాలు ఆవిరికి బయటికొస్తాయి. తడిగుడ్డతో తుడవండి. ఒకటి రెండుసార్లు మళ్లీ వచ్చి ఆగిపోతాయి.

చెక్క సామాను గోడలో కలిసిపోయింది

గోడా బీరువా రెండూ ఒకే ముదురులో ఉంటే ఇలా అవుతుంది, రంగులు వేరైనా సరే. ఫోన్‌లో గది ఫొటో తీసి బ్లాక్ అండ్ వైట్‌లోకి మార్చండి. బీరువా అంచు ఎక్కడో తెలియకపోతే షేడ్ కార్డులో అదే వరసలో రెండు మెట్లు పైనున్న లేత రంగును బీరువా వెనక గోడకు వేయండి. చెక్క ఎరుపు వైపు మొగ్గితే గోడ కూడా ఆ వైపుదే ఎంచుకోండి, పసుపు బ్రౌన్ పెడితే రెండూ పొసగవు.