వార్డు డాక్టరుకు పనికొచ్చేలా ఈహెచ్ఆర్ స్క్రీన్లను పరీక్షించి సరిదిద్దడం ఎలా?

ఎలక్ట్రానిక్ హెల్త్ రికార్డు (ఈహెచ్ఆర్), అంటే పేషెంట్ల వివరాలు, మందుల ఆర్డర్లు, నోట్సు ఉండే ఆసుపత్రి సాఫ్ట్‌వేర్, వాడకానికి వీలుగా ఉందో లేదో డెమోలో తేలదు. డెమోలో పేషెంటు ఒక్కరే, మందులు మూడో నాలుగో, మధ్యలో ఫోను మోగదు. నైట్ డ్యూటీ డాక్టరు పరిస్థితి వేరు. ఒకరికి ఆర్డరు పెడుతుండగానే పక్క బెడ్డు పేషెంటు పొటాషియం ఎంతని నర్సు అడుగుతారు. ఆ చార్టు తెరవాలి, చూసి చెప్పాలి, మళ్లీ మొదటి చార్టుకు రావాలి. కాబట్టి పరీక్ష కూడా అలాగే పెట్టాలి. ఎవరికి, ఏ మందు, ఎంత వెళ్తోందో ఆర్డరు ఖాయం చేసే ముందే స్క్రీను స్పష్టంగా చూపిస్తోందా? అన్నిటికంటే ముందు తేల్చుకోవాల్సింది ఇదే.

పరీక్షకు సిద్ధం చేయడం

టెస్ట్ సర్వర్‌లో ఐదారుగురు కల్పిత పేషెంట్లను తయారుచేయండి. ఖాళీ చార్టులు పనికిరావు. ఒక్కో చార్టులో కనీసం పది పన్నెండు మందులు, వారం రోజుల ల్యాబ్ రిజల్టులు, ముగ్గురు నలుగురు డాక్టర్ల నోట్సు ఉండాలి. ఇద్దరికి ఇంచుమించు ఒకేలాంటి పేర్లు పెట్టండి. చిన్నపిల్లల చార్టు ఒకటి తప్పనిసరి. బరువును బట్టి డోసు వేసే చోట జరిగే పొరపాట్లు పెద్దవాళ్ల చార్టుల్లో కనపడవు.

పనులు నాలుగు చాలు:

1. మూడు రోజుల క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష) ఎలా మారిందో చూసి, వాంకోమైసిన్ అనే యాంటీబయాటిక్ డోసు మార్చడం.
2. రేపు ఉదయం సర్జరీ ఉంది కాబట్టి ఇనాక్సాపారిన్ (రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మందు) ఆపడం, సర్జరీ తర్వాత మళ్లీ మొదలయ్యేలా ఆర్డరు పెట్టడం.
3. ఒకేలాంటి పేర్లున్న ఇద్దరిలో ఒకరికి పొటాషియం ఆర్డరు పెట్టడం.
4. ఒక పేషెంటును ఇంటికి పంపడం: ఇంట్లో వాడే మందులు, ఆసుపత్రిలో మొదలైనవి, ఆపేసినవి అన్నీ తేల్చి డిశ్చార్జి సమ్మరీ ఇవ్వడం.

పని చెప్పేటప్పుడు మెనూలో ఉన్న మాటలు వాడకండి. "రికన్సిలియేషన్ ట్యాబ్ (మందుల జాబితాలు సరిచూసే చోటు) తెరవండి" అంటే దారి మీరే చూపించినట్టు. "ఈ పేషెంటును ఇంటికి పంపండి" అనండి, అంతే. మూడో పని సగంలో ఉండగా ఇంకో పేషెంటు రిజల్టు అడగండి.

ఐదుగురు డాక్టర్లతో చేస్తే తరచుగా ఎదురయ్యే ఇబ్బందుల్లో ఎక్కువ భాగం బయటపడతాయి. వారిలో కొత్తగా చేరిన జూనియర్లు ఇద్దరైనా ఉండాలి. అలవాటైన సీనియర్లు లోపాల చుట్టూ తిరిగి వెళ్లే దారులు ఎప్పుడో కనిపెట్టుకుని ఉంటారు, అందుకే ఆ లోపాలు వాళ్ల చేతిలో కనపడవు. ఒక్కొక్కరికీ నలభై ఐదు నిమిషాలు కేటాయించండి. చేస్తున్నది పైకి చెప్పమనండి. వాళ్లు ఆగిపోతే సాయం చేయకండి, ఎక్కడ ఆగారో రాసుకోండి.

పట్టిన సమయం, క్లిక్కులు, మారిన స్క్రీన్లు, తప్పులు లెక్కపెట్టండి. క్లిక్కుల లెక్కకు మరీ విలువ ఇవ్వకండి. ఆలోచించకుండా నొక్కే మూడు క్లిక్కుల కంటే, ఎటు వెళ్లాలో తెలియక తటపటాయించే ఒక్క క్లిక్కు ఎక్కువ చేటు. డాక్టరు కాగితం మీద ఏం రాసుకున్నారో మాత్రం తప్పకుండా చూడండి. క్రియాటినిన్ విలువలు చీటీ మీద రాసుకుని డోసు స్క్రీనుకు వెళ్లారంటే, ఆ రెండూ ఒకేచోట కనపడటం లేదన్నమాట. అలాంటి ప్రతి చీటీ మీరు దిద్దాల్సిన స్క్రీను ఏదో చెబుతుంది.

డోసు స్క్రీను

ఎక్కువ సమయం దీని మీదే పెట్టండి. 2013లో అమెరికాలో శాన్‌ఫ్రాన్సిస్కోలోని యూనివర్సిటీ ఆసుపత్రిలో జరిగింది చూస్తే ఎందుకో అర్థమవుతుంది. 38.6 కిలోల బరువున్న ఒక అబ్బాయికి 160 మిల్లీగ్రాముల యాంటీబయాటిక్ మాత్ర ఒకటి ఇవ్వాలి. డాక్టరు 160 అనే టైపు చేశారు. కానీ ఆ గడిలో యూనిట్ కిలోకు మిల్లీగ్రాములుగా ఉంది. సిస్టమ్ దాన్ని బరువుతో హెచ్చించి 38½ మాత్రలుగా లెక్కగట్టింది. డాక్టరుకు, ఫార్మసిస్టుకు అలర్టులు వచ్చాయి. రోజూ వచ్చే వందల అలర్టుల్లో అవీ కలిసిపోయాయి. అబ్బాయి ఆ మాత్రలన్నీ మింగాడు, ఫిట్స్ వచ్చాయి, ప్రాణం దక్కింది.

దీన్ని బట్టి స్క్రీనులో చేయాల్సిన మార్పులు: యూనిట్ అంకె పక్కనే, అంకెంత పెద్ద అక్షరాల్లో ఉండాలి. యూనిట్ మారితే పాత అంకె చెరిగిపోవాలి. ఖాయం చేసే బటన్ పైనే "ఒక్కో డోసుకు 1 మాత్ర, రోజుకు 2 సార్లు" అని మొత్తం వాక్యంగా చూపించాలి. 38½ అని అక్కడ కనపడి ఉంటే ఏ డాక్టరైనా ఆగేవారు. మైక్రోగ్రాములను గ్రీకు గుర్తుతో కాక పూర్తి మాటతో రాయించండి. 5 అనే డోసు 5.0గా కనపడకూడదు, చుక్క చూడకపోతే 50 అవుతుంది. అలాగే .5 కాదు, 0.5.

పేషెంటు మారిపోవడం

ఈ పొరపాటు ఐదుగురి పరీక్షలో కనపడకపోవచ్చు, దాన్ని సిస్టమ్ లాగ్‌లలో (ఎవరు ఎప్పుడు ఏం చేశారో నమోదయ్యే చోట) వెతకాలి. ఒక డాక్టరు పెట్టిన ఆర్డరును 10 నిమిషాల్లోపు రద్దు చేసి, తర్వాతి 10 నిమిషాల్లో అదే ఆర్డరును మరో పేషెంటుకు పెడితే, మొదటిది పొరపాటున ఒకరికి బదులు ఇంకొకరికి పెట్టిందయ్యే అవకాశం ఎక్కువ. ఇలాంటివి నెలకు ఎన్నో, ఏ స్క్రీను నుంచి వస్తున్నాయో తీయించండి.

"ఈ పేషెంటేనా?" అని అడిగి ఒక్క క్లిక్కుతో వదిలేస్తే పెద్దగా ఫలితం ఉండదు. ఈ లెక్కింపు పద్ధతితోనే 2013లో వెలువడిన ఒక అధ్యయనంలో అలాంటి ప్రశ్నతో తప్పులు 16 శాతం తగ్గాయి. పేషెంటు ఇనీషియల్స్, వయసు, ఆడో మగో అన్నది మళ్లీ టైపు చేయిస్తే 41 శాతం తగ్గాయి. ప్రతి ఆర్డరుకూ టైపు చేయించడం డాక్టరుకు భారమే. మధ్యేమార్గంగా ఫొటో, పేరు, వయసు, బెడ్డు నంబరు ఏ స్క్రీనుకు వెళ్లినా పైనే కదలకుండా ఉండేలా చేసి, ప్రమాదకరమైన మందులకు మాత్రం టైపింగ్ పెట్టండి.

అలర్టులు

ముందుగా గత నెలలో ఎక్కువగా వచ్చిన 20 అలర్టుల జాబితా తీసి, ఒక్కోదాన్నీ ఎంతమంది దాటవేశారో చూడండి. నూటికి తొంభై అయిదు సార్లు దాటవేస్తున్న అలర్టు ఉంటే తప్పు డాక్టర్లది కాదు, ఆ అలర్టుది. రక్తంలో పొటాషియం పెంచే స్పైరనోలాక్టోన్ వాడుతున్నవారికి పొటాషియం రాస్తే హెచ్చరించడం సబబే. కానీ ఆ ఉదయమే పొటాషియం బాగా తక్కువగా, 2.9 వచ్చినవారికీ అదే హెచ్చరిక ఎందుకు? తాజా ల్యాబ్ విలువను షరతుగా చేరిస్తే అనవసరమైనవి తగ్గుతాయి.

ముందుకు పోనివ్వకుండా ఆపేసే అలర్టును ఆచితూచి పెట్టండి. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే వార్ఫరిన్‌తో పాటు, దాని ప్రభావాన్ని పెంచే ట్రైమెథోప్రిమ్-సల్ఫామెథాక్సజోల్ అనే యాంటీబయాటిక్ రాయనివ్వకుండా ఆపిన ప్రయోగం ఒకటి 2010లో ప్రచురితమైంది. నలుగురు పేషెంట్లకు అవసరమైన చికిత్స ఆలస్యం కావడంతో ఆ ప్రయోగాన్నే మధ్యలో ఆపేశారు. ఆపే ప్రతి అలర్టులోనూ కారణం రాసి దాటే దారి, ఫార్మసీ ఫోను నంబరు ఉండాలి.

నోట్సు

కాపీ-పేస్టును పూర్తిగా నిషేధిస్తే డాక్టర్లు వేరే దారి వెతుక్కుంటారు. దానికి బదులు నిన్నటి నుంచి కాపీ అయిన భాగం లేత రంగులో కనపడేలా చేయండి. పరిశీలన, నేటి నిర్ణయం అనే రెండు గడులు మాత్రం రోజూ ఖాళీగానే తెరుచుకోవాలి. నిర్ణయాన్ని నోటులో అన్నిటికంటే పైన పెట్టండి, చదివేవారు ముందు వెతికేది దాన్నే.

కొలవడం

మార్పులకు ముందు ఒకసారి, ఆరు వారాల తర్వాత ఒకసారి డాక్టర్లతో సిస్టమ్ యూజబిలిటీ స్కేల్ (సాఫ్ట్‌వేర్ వాడటం ఎంత సులువో అడిగే ప్రశ్నావళి) నింపించండి. పది వాక్యాలు, ఒక్కోదానికి 1 నుంచి 5 మార్కులు. బేసి సంఖ్య వాక్యాల మార్కులోంచి 1 తీసేయండి. సరి సంఖ్య వాక్యాలకు 5లోంచి మార్కు తీసేయండి. అన్నీ కూడి 2.5తో హెచ్చిస్తే 100కు స్కోరు వస్తుంది. రకరకాల సాఫ్ట్‌వేర్ల సగటు 68. అమెరికా డాక్టర్లు తమ ఈహెచ్ఆర్‌లకు ఇచ్చిన సగటు, 2020లో ప్రచురితమైన సర్వేలో, 45.9 మాత్రమే.

స్కోరు పెరిగినంత మాత్రాన స్క్రీను సురక్షితమని కాదు, నచ్చిందని మాత్రమే. అందుకే ఆ నాలుగు పనులనూ ఈసారి కొత్త డాక్టర్లతో మళ్లీ చేయించండి, రద్దయిన ఆర్డర్ల లెక్క మళ్లీ తీయించండి. ఒకేసారి పది మార్పులు వదిలితే ఏది పనిచేసిందో తెలియదు. డోసు స్క్రీనుతో మొదలుపెట్టి, ఒక్క వార్డులో రెండు వారాలు నడిపి, ఆ తర్వాతే మిగతా వార్డులకు ఇవ్వండి. ఆ రెండు వారాలూ నైట్ డ్యూటీలో ఫోనెత్తి జవాబు చెప్పే మనిషి ఒకరు ఉండాలి.