కారులో వైర్‌లెస్ ఛార్జింగ్ మొరాయిస్తోందా? ఏది ముందు, ఏది తర్వాత చూసుకోవాలి?

మే నెలలో హైదరాబాద్ నుంచి విజయవాడకు వెళ్తున్నాం. చౌటుప్పల్ దాటేటప్పటికి ఫోను 62 శాతం ఉంది. గేరుకు ముందున్న నల్లటి వైర్‌లెస్ ఛార్జింగ్ ప్యాడ్ మీదే పెట్టాను, తెర మీద మెరుపు గుర్తు కూడా వచ్చింది. దారి చూపే మ్యాపు నడుస్తోంది. సూర్యాపేటలో టీ కోసం ఆగి చూస్తే 54! ఫోను వెనక భాగం అప్పుడే ఇస్త్రీ చేసిన చొక్కాలా వేడిగా ఉంది. కవరు ఊడదీశాను. వేలికి తగిలించుకోవడానికి అతికించిన స్టీలు ఉంగరం ఉన్న చోట చేయి పెట్టలేకపోయాను.

ఆ ఉంగరం తీసేశాక ఛార్జింగ్ మామూలుగా ఎక్కింది. అప్పటివరకు ప్యాడ్ పాడైందనే అనుకున్నాను, సర్వీస్ సెంటర్‌కు వెళ్లాలని కూడా నిర్ణయించుకున్నాను. అందుకే చెబుతున్నాను: కారును ఎవరికైనా అప్పగించే ముందు ఈ కింది పనులు వరుసగా చేయండి. చాలామందికి మూడో నాలుగో పని దగ్గరే సమాధానం దొరుకుతుంది.

ముందుగా, లోపల జరిగేది ఏమిటి?

ప్యాడ్ కింద రాగి తీగ చుట్ట ఒకటి ఉంటుంది. ఫోను వీపు లోపల, అద్దం వెనక మరొకటి ఉంటుంది. మొదటిదానిలో కరెంటు వేగంగా దిశ మార్చుకుంటూ పారితే దాని చుట్టూ అయస్కాంత క్షేత్రం పుడుతుంది. ఆ క్షేత్రం రెండో చుట్టలో కరెంటు పుట్టిస్తుంది. అంతే. రెండు చుట్టలూ దాదాపు ఒకదాని మీద ఒకటి ఉండాలి, మధ్యలో ఎడం కొన్ని మిల్లీమీటర్లే ఉండాలి, నడుమ లోహం ఉండకూడదు. ఈ మూడింటిలో ఏది తప్పినా ఛార్జింగ్ ఆగుతుంది, లేదా శక్తిలో ఎక్కువ భాగం వేడిగా మారిపోతుంది. అన్నీ సరిగ్గా ఉన్నా కొంత వేడి తప్పదు. కేబుల్‌తో పోలిస్తే ఇందులో వృథా ఎక్కువ.

1. మీ ఫోనుకు ఆ సౌకర్యం ఉందా?

అడగడానికి ఇబ్బందిగా ఉన్నా మొదట తేల్చుకోవలసింది ఇదే. ఐఫోన్లలో 2017లో వచ్చిన ఐఫోన్ 8 నుంచి ఇది ఉంది. శాంసంగ్‌లో ఎస్ వరుస ఖరీదైన ఫోన్లలో, మడత ఫోన్లలో ఉంటుంది. మన దగ్గర ఎక్కువమంది వాడే పదిహేను, ఇరవై వేల రూపాయల ఫోన్లలో చాలావాటికి లేదు. పెట్టె మీద 67 వాట్లు, 80 వాట్లు అని రాసి ఉన్నా అది కేబుల్ సంగతి, దానికీ దీనికీ సంబంధం లేదు. ఫోను వివరాల్లో వైర్‌లెస్ ఛార్జింగ్ అనో, దాని ప్రమాణమైన ‘చీ’ (Qi) అనో విడిగా రాసి ఉండాలి.

2. రెండు ఫోన్లతో పరీక్షించండి

ఇంట్లో వాళ్లదో స్నేహితులదో, వైర్‌లెస్ సౌకర్యం ఉన్న మరో ఫోను తీసుకోండి. కవరు తీసి మీ కారు ప్యాడ్ మీద పెట్టండి. అది ఛార్జ్ అయితే మీ ప్యాడ్ బాగానే ఉంది, లోపం మీ ఫోనులోనో కవరులోనో ఉంది. తర్వాత మీ ఫోనును మరో ఛార్జర్ మీద పెట్టి చూడండి. ఈ అయిదు నిమిషాల పనితో లోపం ఎటువైపు ఉందో తేలిపోతుంది. ఇది చేయకుండానే డబ్బు ఖర్చుపెట్టిన వాళ్లను చూశాను, బాధేసింది.

3. ఫోను వీపు చూడండి

నా అనుభవంలో సగానికి సగం గొడవలు ఇక్కడే ఉన్నాయి. మందమైన, లోహం కలిసిన కవర్లు, వేలి ఉంగరాలు, డ్యాష్‌బోర్డు స్టాండు కోసం అతికించిన ఇనుప బిళ్లలు. కొందరు భక్తితో కవరు లోపల దేవుడి రాగి రేకు పెట్టుకుంటారు, అది కూడా లోహమే. ప్యాడ్ పనిచేసేటప్పుడు ఈ లోహాలన్నీ వేడెక్కుతాయి. చాలా ప్యాడ్లు మధ్యలో లోహం ఉందని పసిగట్టి తమంతట తామే ఆగిపోతాయి. అలా ఆగిపోయినప్పుడే మనం ‘పాడైంది’ అనుకుంటాం.

కవరు వెనక కార్డులు పెట్టుకునే అలవాటు ఉంటే ప్యాడ్ మీద పెట్టే ముందు తీసేయండి. బ్యాంకు కార్డు అయినా, మెట్రో కార్డు అయినా, ఆఫీసు గుర్తింపు కార్డు అయినా లోపల చిప్పు, సన్నటి తీగ ఉంటాయి. అయస్కాంత క్షేత్రంలో పడితే అవి దెబ్బతినవచ్చు.

ఇక ప్యాడ్ గురించి. ఆ గూటిలో మనం పెట్టనిది ఉండదు: టోల్ రసీదులు, చిల్లర, తలనొప్పి మాత్రల స్ట్రిప్పు. మాత్రల స్ట్రిప్పు అంటే అల్యూమినియం రేకు. ఫోను కింద అది ఉండిపోతే కాలేంత వేడెక్కుతుంది. గూడు ఖాళీగా ఉంచండి, పొడి గుడ్డతో తుడవండి.

4. ఫోనును సరైన చోట పెట్టండి

ఫోనులోని చుట్ట సాధారణంగా వీపు మధ్యలో ఉంటుంది. ప్యాడ్‌లోని చుట్ట ఎక్కడుందో పైకి కనిపించదు. ఈ మధ్య ఫోన్లు పొడవుగా, కెమెరాలు ఎత్తుగా వస్తున్నాయి. ఆ కెమెరా గూడు అంచుకు తగిలి ఫోను ఒకవైపు లేస్తుంది. కొన్ని మిల్లీమీటర్ల ఎత్తే, కానీ ఆ ఎత్తు చాలు.

కారు ఆపి ఉన్నప్పుడు ఇలా చేయండి. కవరు తీసి ఫోనును గూటి కింది అంచుకు ఆనించి పెట్టండి. మూడు నాలుగు సెకన్లు ఆగండి. గుర్తు రాకపోతే వేలి వెడల్పంత పైకి జరిపి మళ్లీ ఆగండి. అలా పై అంచు వరకు జరపండి. కుదరకపోతే ఫోనును తలకిందులు చేసి, కెమెరా మీ వైపు వచ్చేలా పెట్టి మళ్లీ మొదలుపెట్టండి. గుర్తు వచ్చిన చోట గూటి అంచున చిన్న స్టిక్కర్ ముక్క అతికించండి, ఇకపై వెతుక్కునే పని ఉండదు. ఫోను వెడల్పు ఎక్కువై గూటిలో ఏటవాలుగా నిలబడుతుంటే మాత్రం ఆ ప్యాడ్, ఆ ఫోను కలిసి పనిచేయవు. కేబుల్ వాడుకోవడమే మేలు.

స్పీడ్ బ్రేకర్లు, ఘాట్ రోడ్డు మలుపులు వచ్చినప్పుడల్లా ఛార్జింగ్ ఆగి, మళ్లీ మొదలై, టింగు టింగుమని చప్పుడు చేస్తోందంటే ఫోను జారుతోందని అర్థం. రబ్బరు చాప మీద దుమ్ము పేరుకుంటే పట్టు పోతుంది, తడి గుడ్డతో తుడిచి ఆరనివ్వండి. ఈ జారుడు సమస్యకు అసలైన మందు అయస్కాంతం. యాపిల్ 2020లో ఐఫోన్ 12తో మ్యాగ్‌సేఫ్ అనే అయస్కాంత పద్ధతి తెచ్చింది. ఆ పద్ధతి ఆధారంగానే 2023లో ‘చీ2’ (Qi2) ప్రమాణం వచ్చింది. ఫోను, ఛార్జర్ రెండూ ఆ రకానివైతే చుట్టలు తమంతట తామే ఎదురెదురుగా కుదురుకుంటాయి.

5. వేడిని తగ్గించండి

మన ఎండలకు ఇది పెద్ద సమస్య. యాపిల్ తన ఫోన్లను 35 డిగ్రీల లోపు వాతావరణంలో వాడమంటుంది. ఎండలో నిలిపిన కారు లోపల అంతకంటే ఎంతో ఎక్కువ ఉంటుంది. ఫోను బాగా వేడెక్కితే ముందు ఛార్జింగ్ వేగం తగ్గిస్తుంది, తర్వాత పూర్తిగా ఆపేస్తుంది. ఐఫోన్లయితే వేడిగా ఉన్నప్పుడు 80 శాతం దగ్గర ఆగిపోవడం కూడా ఉంది. అది లోపం కాదు, బ్యాటరీని కాపాడుకోవడం.

ఎండలోంచి వచ్చి కారెక్కగానే ఫోను ప్యాడ్ మీద పెట్టకండి. ఏసీ వేసి పది నిమిషాలు ఆగండి. ఏసీ గాలి ఒక రెక్క నుంచి ప్యాడ్ వైపు మళ్లించండి. కియా సోనెట్ లాంటి కొన్ని కార్లలో ప్యాడ్‌కే చల్లబరిచే ఏర్పాటు ఉంటుంది, లేనివారికి ఏసీ గాలే దిక్కు. మ్యాపు, హాట్‌స్పాట్, ఫోనును కారు తెరకు కలిపే వైర్‌లెస్ ఆండ్రాయిడ్ ఆటో లేదా కార్‌ప్లే, మొబైల్ సిగ్నల్ సరిగా లేని దారి, ఇవన్నీ ఒక్కసారిగా నడిస్తే వచ్చే కరెంటు వచ్చినట్టే ఖర్చవుతుంది. సూర్యాపేటలో నా ఫోను తగ్గిపోవడానికి ఉంగరంతోపాటు ఇది కూడా కారణమే. తెర వెలుగు తగ్గించండి, హాట్‌స్పాట్ ఆపండి.

వేడెక్కిన ఫోనును మంచినీళ్ల సీసాకు ఆనించడం, కారు ఫ్రిజ్‌లో పెట్టడం వద్దు. ఒక్కసారిగా చల్లబడితే లోపల చెమ్మ పడుతుంది. కవరు తీసి నీడలో ఉంచితే చాలు.

6. కారు తాళం ఎక్కడుంది?

ఇది చాలామందికి తెలియదు. బటన్ నొక్కి స్టార్ట్ చేసే కార్లు, తాళం లోపలే ఉందో లేదో తెలుసుకోవడానికి తక్కువ పౌనఃపున్య తరంగాలు పంపుతాయి. అవి వైర్‌లెస్ ఛార్జింగ్ పౌనఃపున్యాలకు దగ్గరగా ఉంటాయి. అందుకే తలుపు తీసినప్పుడు, వేసినప్పుడు, స్టార్ట్ చేసినప్పుడు కొన్ని కార్లు ఛార్జింగ్‌ను కాసేపు ఆపేస్తాయి. పిల్లలను బడి దగ్గర దింపేటప్పుడు ఫోను ఛార్జింగ్ ఆగిందంటే కారణం అదే. కొన్ని క్షణాల్లో తిరిగి మొదలవుతుంది. తాళాన్ని మాత్రం ప్యాడ్ మీదా, దాని పక్కనా పెట్టకండి. ఛార్జింగూ ఆగవచ్చు, ‘తాళం కనబడలేదు’ అన్న హెచ్చరికా రావచ్చు.

7. విడిగా కొన్న ఛార్జరైతే కరెంటు చూడండి

బయట కొని బిగించుకున్న స్టాండు ఛార్జర్ నెమ్మదిగా ఎక్కిస్తుంటే దానికి అందుతున్న కరెంటు చాలడం లేదేమో చూడండి. 15 వాట్లు ఇవ్వగల ఛార్జర్‌ను కారులోని పాత యూఎస్‌బీ రంధ్రానికి కలిపితే, అక్కడ వచ్చేది 5 వోల్టుల వద్ద అర ఆంపియర్, అంటే రెండున్నర వాట్లే కావచ్చు. ఛార్జర్ ఎంత మంచిదైనా దానికి అందనిది ఇవ్వలేదు. 12 వోల్టుల సాకెట్‌లో పెట్టే, పీడీ లేదా క్విక్ ఛార్జ్ అనే వేగవంతమైన ఛార్జింగ్ పద్ధతి ఉన్న, 20 వాట్లకు తగ్గని అడాప్టర్ కొనండి. కేబుల్ కూడా ఛార్జర్‌తో వచ్చినదే వాడండి.

8. సెట్టింగ్‌లు, అప్‌డేట్లు

కొన్ని కార్ల తెర మీద వైర్‌లెస్ ఛార్జింగ్‌కు విడిగా మీట ఉంటుంది. సర్వీసుకు ఇచ్చినప్పుడో, పిల్లలు నొక్కినప్పుడో అది ఆగిపోయి ఉండవచ్చు. ఫోనులో ఛార్జింగ్‌ను 80 శాతానికి పరిమితం చేసే సెట్టింగ్ ఉంటే అదీ చూడండి. కేబుల్ తగిలించి ఉంటే చాలా ఫోన్లు దానికే ప్రాధాన్యం ఇస్తాయి.

అప్‌డేట్లను తేలిగ్గా తీసుకోకండి. 2023లో ఐఫోన్ 15 వాడేవాళ్లలో కొందరికి, ముఖ్యంగా కొందరు బీఎండబ్ల్యూ యజమానులకు, కారులో వైర్‌లెస్‌గా ఛార్జ్ చేశాక ఫోనుతో డబ్బు చెల్లించే ఎన్‌ఎఫ్‌సీ పనిచేయకుండా పోయింది. ఆ నవంబరులో వచ్చిన ఐఓఎస్ 17.1.1తో యాపిల్ దాన్ని సరిచేసింది. కారు సాఫ్ట్‌వేర్‌కూ ఇదే మాట వర్తిస్తుంది.

9. అప్పటికీ కుదరకపోతే

ప్యాడ్ దీపం అసలు వెలగకపోతే ఫ్యూజు పోయి ఉండవచ్చు. మాన్యువల్ చూసి ఫ్యూజు మార్చడం వచ్చినవారు మార్చండి, రానివారు వదిలేయండి. ప్యాడ్‌ను మాత్రం మీరు విప్పకండి, వారంటీ పోయే ప్రమాదం ఉంది. గుండెలో పేస్‌మేకర్ ఉన్నవారు ప్రయాణిస్తుంటే ప్యాడ్ వాడవచ్చా అని వైద్యుణ్ని అడగండి. ఆ లోపు ప్యాడ్ ఆపి ఉంచండి.

సర్వీస్ సెంటర్‌కు వెళ్లేటప్పుడు ‘ఛార్జ్ కావడం లేదు’ అని ఒక్క ముక్కలో చెప్పకండి. ఏ ఫోను పెట్టారు, కవరు లేకుండా పెట్టారా, మరో ఫోను పెడితే ఏమైంది, దీపం ఏ రంగులో ఎన్నిసార్లు మెరిసింది, అన్నీ కాగితం మీద రాసుకుని వెళ్లండి. దీపం మెరవడాన్ని మరో ఫోనుతో వీడియో తీసుకోండి. మెకానిక్ ముందు ప్యాడ్ చక్కగా పనిచేసినా మీ చేతిలో ఆధారం ఉంటుంది, జాబ్ కార్డులో సమస్యను మీ మాటల్లోనే రాయించుకోగలుగుతారు.